బరువైన పెట్టె

ఒకప్పటి టెలివిజన్ పెట్టెను ఒక్క మనిషి ఎత్తడం కష్టం. ఇరవై ఒక్క అంగుళాల రంగుల టీవీని ఒక గదిలోనుంచి మరొక గదిలోకి మార్చాలంటే ఇద్దరు కావలసి వచ్చేవారు. వారు ఎదురెదురుగా నిలిచి, మోకాళ్ళు వంచి, గడప దగ్గర ఒకరినొకరు హెచ్చరించుకొంటూ నడవాలి. వెనుకభాగం గుమ్మటంలా పొడుచుకొని ఉండడంచేత దానిని గోడకు ఆనించి పెట్టడానికి వీలుండేది కాదు. గదిలో ఒక మూలను అది ఆక్రమించుకొనేది. మంచాలు, కుర్చీలు, మనుషులు దానికి అనుగుణంగా సర్దుకోవలసిందే.

ఈనాటి విద్యార్థులలో చాలామంది ఆ పెట్టెను తాతగారి ఇంట్లో అటకమీదనో, పాతసామాన్ల కొట్టులోనో చూసి ఉంటారు. దానిని చూడగానే నా వయసువారికి, అంటే యాభై దాటినవారికి, ఒక విధమైన బెంగ కలుగుతుంది. 'ఆ రోజులే వేరు' అని నిట్టూరుస్తారు. నేనూ నిట్టూర్చినవాడినే. ఆ బెంగలో నిజమెంత, భ్రమ ఎంత అన్న విచారణే ఈ వ్యాసం. నేను పరికించినంతలో అందులో రెండూ ఉన్నాయి.

మా ఊరు అప్పటి గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దులో, చిలకలూరిపేటకు దక్షిణాన ఉన్న నల్లరేగడి పల్లె. పత్తి, మిరప, పొగాకు తప్ప మరొక మాట అక్కడ వినిపించేది కాదు. 1986లో మా పెదనాన్న మిరపకాయలు అమ్మిన డబ్బుతో గుంటూరులో ఒక నలుపు తెలుపు టీవీ కొన్నాడు. టిక్కీలను యార్డుకు మోసుకుపోయిన ట్రాక్టరులోనే అది తిరిగివచ్చింది. దారిలోని గతుకులకు గాజు పగులుతుందేమోనన్న భయంతో ఖాళీ బోరేలను మడతలుగా పరచి, వాటిమీద పెట్టెను పెట్టి, మా బాబాయి దానిని ఇరవై మైళ్ళకు పైగా కౌగిలించుకొని కూర్చున్నాడు. ఊళ్ళోకి వచ్చేసరికి అతని చొక్కా అంతా మిరప ఘాటే. ఆ వాసన టీవీ వెనుక అట్టమీద చాలా రోజులు నిలిచిందని మా ఇంట్లో చెప్పుకొనేవారు. ఇది అతిశయోక్తి కావచ్చును గాని, అబద్ధమని నేను ప్రమాణం చేయలేను.

ఆ పెట్టె అంత బరువుగా ఎందుకు ఉండేది? ఈ సంగతి ఇప్పుడు భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు కూడా తట్టకపోవచ్చు. దానిలోని ప్రధానాంగం పిక్చర్ ట్యూబ్ అనే పెద్ద గాజుబుడ్డి. 1897లో జర్మనీకి చెందిన కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ రూపొందించిన గొట్టానికి అది వారసురాలు. లోపల గాలి లేకుండా తీసివేస్తారు. వెనుక సన్నని మెడభాగంలో ఉండే ఎలక్ట్రాన్ గన్ నుంచి వెలువడిన ఎలక్ట్రాన్ల పుంజం వేల ఓల్టుల ఆకర్షణకు లోనై, ముందు గాజు లోపలివైపున ఉన్న ఫాస్ఫర్ పూతను తాకి వెలుగు పుట్టిస్తుంది. ఆ పుంజం తెరమీద పైనుంచి కిందికి గీత తరువాత గీతగా పరుగెత్తుతుంది. మన దేశపు పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. మొదట ఒక గీత విడిచి ఒక గీత, తరువాత విడిచిపెట్టినవి. ఈ సంగతి వివరించినప్పుడు మా పెదనాన్న 'చాలు విడిచి చాలు దున్నడమే గదా' అన్నాడు. అంతకంటె చక్కని వివరణ నేను మరెక్కడా వినలేదు. కాబట్టి మనం చూసేది నిజానికి సంపూర్ణమైన బొమ్మ కాదు. పరుగెత్తే ఒక కాంతిబిందువును మన కన్ను బొమ్మగా కూర్చుకొంటుంది.

లోపల శూన్యం కావడంచేత బయటి గాలి ఆ బుడ్డిని అన్ని వైపులనుంచి నొక్కుతూ ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున లెక్క వేస్తే, ఇరవై ఒక్క అంగుళాల తెర ఒక్కదానిమీదనే పడే ఒత్తిడి దాదాపు 1,400 కిలోలు. అంటే ముప్పయికి పైగా మిరప టిక్కీల బరువు. దానికి తట్టుకోవాలంటే గాజు మందంగా ఉండక తప్పదు. పైగా ఎలక్ట్రాన్ల తాకిడివల్ల పుట్టే ఎక్స్ కిరణాలు బయటికి రాకుండా గాజులో సీసం కలుపుతారు. ఇంత బరువూ మన భద్రత కోసమే. ఒకటి మాత్రం పిల్లల సొత్తు: ఆ యంత్రం సెకనుకు 15,625 కంపనాలతో ఒక సన్నని ఈల వేసేది. పెద్దల చెవులకు అది అందదు. వీధి మలుపులో ఉండగానే టీవీ పెట్టారని మేము కనిపెట్టి పరుగెత్తేవాళ్ళం. మాకు ఎట్లా తెలిసిందో పెద్దలకు అంతుపట్టేది కాదు. కట్టేసిన తరువాత తెర నడుమ ఒక తెల్లని చుక్క కాసేపు నిలిచి ఆరిపోయేది. అది పూర్తిగా ఆరేదాకా కదలని పిల్లలు మాలో ఉండేవారు.

ఇక ఏంటెనా సంగతి. ఇనుప గొట్టం చివర దానిని బిగించి, విజయవాడ వైపు తిప్పి డాబామీద నిలిపేవారు. గాలి వీచినా, కాకి వాలినా బొమ్మ చెదిరేది. ఒకరు డాబామీద, ఒకరు వాకిట్లో, ఒకరు టీవీ దగ్గర. 'వచ్చిందా?' అని పైనుంచి కేక. 'లేదు, ఇంకొంచెం తూర్పుకు' అని లోపలినుంచి జవాబు. దానిని నడుమ ఉన్నవాడు పైకి చేరవేయాలి. తెరమీద చీమలు పాకినట్లు కనిపించే ఆ చుక్కలలో అతి స్వల్పభాగం విశ్వం పుట్టుకనాటి వికిరణమని చాలా ఏళ్ళ తరువాత చదివి ఆశ్చర్యపోయాను. ఆనాడు మాకది కాకి చేసిన పని. వేసవిలో ఓల్టేజి తగ్గినప్పుడు బొమ్మ నాలుగువైపులా కుంచించుకుపోయేది. స్టెబిలైజరు కీచుమనేది. ఇంత శ్రమపడి చూసేది ఏమిటి? సాయంత్రం హైదరాబాదు కేంద్రంనుంచి 'పాడిపంటలు', శుక్రవారం 'చిత్రలహరి', ఏడు గంటలకు వార్తలు. 1977లో ప్రారంభమైన ఆ కేంద్రంలో 1983 నుంచి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారి కంఠం మా పల్లెలో ఇంటి మనిషి కంఠమంత పరిచితం. 2024లో ఆయన మరణవార్త విన్నప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చింది మా పెదనాన్న ఇంటి వసారా.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం మొదలయింది. ఆదివారం ఉదయం. మా ఊరి వీధులు ఆ సమయంలో నిర్మానుష్యమయ్యేవి. మిరపకోతకు పోవలసిన కూలీలు సైతం అది ముగిసేదాకా కదిలేవారు కారు. ఆసాములు కూడా ముగిసేదాకా పిలిచేవారు కారు, వారూ అక్కడే ఉండేవారు గనుక. ఒకామె తెరకు కర్పూర హారతి ఇచ్చేది. భాష హిందీ, మా వసారాలో కూర్చున్నవారిలో హిందీ వచ్చినవారు ఒకరో ఇద్దరో. అయినా ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. కథ అందరికీ ముందే తెలుసు. మా నాయనమ్మ పాత్రలకంటె ముందుగా సంభాషణలు చెప్పేది. తాను విన్న రామాయణానికి తెరమీది రామాయణం ఎక్కడైనా భిన్నంగా నడిస్తే 'తప్పు, అట్లా కాదు' అని టీవీని మందలించేది. ఆమెతో వాదించేవారు, ఆమెను సమర్థించేవారు వసారాలో రెండు పక్షాలయ్యేవారు. తెరమీద జరిగేదానితో సమానంగా తెర ముందు కూడా ఒక కథ నడిచేది.

నా చదువు ప్రాచీన సాహిత్యం కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన అలంకారశాస్త్రం కావ్యాన్ని శ్రవ్యమనీ, దృశ్యమనీ విభజించింది. రూపకాన్ని, అంటే నాటకాన్ని చూసే వ్యక్తికి అది పెట్టిన పేరు సామాజికుడు. ప్రేక్షకుడనే మాట కూడా ఉంది. కాని రసచర్చ వచ్చినప్పుడు ఆలంకారికులు తరచుగా ఎంచుకొన్నది సామాజికుడనే మాటను. సమాజంలో, అంటే సభలో, పదిమంది నడుమ కూర్చున్నవాడు అని దాని అర్థం. ప్రక్కవాని కంట నీరు తిరిగినప్పుడు తన గుండె తడిసేవాడు. దృశ్యమన్నది ఒంటరిగా అనుభవించేది కాదన్న భావన ఆ మాటలోనే ఇమిడి ఉంది.

దూరదర్శన్ అనగానే సంజయుణ్ణి తలచుకోవడం మనవారికి అలవాటు. వ్యాసుని వరంచేత దూరాన జరిగే యుద్ధాన్ని చూసి చెప్పాడు గనుక అతడే మొదటి టీవీ అని చమత్కరిస్తారు. నాకు ఈ పోలిక ఎప్పుడూ నచ్చలేదు. సంజయునికి కలిగిన దృష్టి అతని ఒక్కడిదే. అతడు ప్రధానంగా వినిపించింది ఒక్క అంధరాజుకు. ఇది ఈనాడు చెవులలో తీగలు పెట్టుకొని ఎవరికి వారు చూసుకొనే సెల్‌ఫోనుకు సరిపోయే పోలిక. ఆనాటి బరువైన పెట్టెకు దగ్గరి చుట్టాలు వేరే ఉన్నారు. వెనుక దీపం పెట్టి తెల్లని గుడ్డమీద ఆడించిన తోలుబొమ్మలాట ఒకటి. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ కథ చెబితే తెల్లవార్లూ కదలని బుర్రకథ జనం మరొకటి. ఇంకా చెప్పాలంటే శివరాత్రికి మా ప్రాంతంనుంచి కోటప్పకొండకు తరలే విద్యుత్ ప్రభ. తాటిచెట్టును మించిన ఆ ప్రభ కట్టడానికి వెదుళ్ళు తెచ్చేవారు, మోకులు పట్టేవారు, దారిలో కరెంటు తీగలు తప్పించేవారు, పొలాలకడ్డంగా బాట చదునుచేసేవారు అందరూ కావాలి. ప్రభ ఎంత బరువయితే అంత ఊరు దానివెంట నడుస్తుంది. తేలికగా చేసి ఒకడు భుజాన పెట్టుకొని వెళ్ళగలిగితే అది ప్రభ కాదు.

పెట్టె కదలలేదు కాబట్టి మనుషులు కదిలి దాని దగ్గరకు వచ్చారు. నా వయసువారి బెంగలోని నిజమైన అంశం ఇదేనని నా అభిప్రాయం. బొమ్మ నాణ్యతపై ఎవరికీ బెంగ లేదు. అది అధ్వానంగా ఉండేది.

ఆ కదలికకు మా ఊళ్ళో ఎంత విలువ ఉండేదో తెలిసిన సందర్భం ఒకటి చెప్పాలి. రామాయణం సాగుతున్న ఆ 1987లోనే గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలమీద తెల్లదోమ విరుచుకుపడింది. అప్పటికి కొన్నేళ్ళుగా కొత్తరకం పైరిత్రాయిడ్ మందులను అదేపనిగా చల్లడంవల్ల పురుగును తినే మేలు కీటకాలు నశించాయి, తెల్లదోమ విజృంభించింది. ఆకులమీద తేనెబంక, దానిమీద మసిలాంటి నల్లని బూజు. గూడ రాలిపోయింది. మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది, దోమ పెరిగినకొద్దీ దుకాణంలో అప్పు పెరిగింది. 1987–88లో ఈ రెండు జిల్లాలలో జరిగిన పత్తిరైతుల ఆత్మహత్యలు దేశమంతటా చర్చకు వచ్చాయి. తరువాతి కాలంలో ఇతర ప్రాంతాలను కూడా కాల్చిన ఆ మంట మొదట రాజుకొన్న చోట్లలో మా నేల ఒకటి.

మా ఊరి రైతు ఒకాయన ప్రతి ఆదివారమూ వచ్చి వసారా స్తంభానికి ఆనుకొని కూర్చునేవాడు. ఆ శీతకాలంలో రెండు ఆదివారాలు వరుసగా రాలేదు. 'ఆ స్తంభం దగ్గరివాడు ఏడిరా?' అని మా నాయనమ్మ అడిగింది. పెదనాన్న కనుక్కొంటానన్నాడు. పనుల్లో పడి వెళ్ళలేకపోయాడు. మూడవ ఆదివారంనాటికి ఆయన లేడు. ఆ ఉదయం పెదనాన్న టీవీ పెట్టలేదు. పిల్లలం కూడా పెట్టమని అడగలేదు. ఎప్పటిలాగే జనం వచ్చారు; చీకటి తెర ముందు కాసేపు కూర్చొని లేచి ఆ ఇంటివైపు వెళ్ళారు. ఆ కూడిక ఆయనను కాపాడిందని నేను చెప్పలేను. కాపాడలేదు. పెదనాన్న ఆ మాటను బ్రతికినంత కాలం మరచిపోలేదు. అయినా, ఒక చోటు ఖాళీగా ఉందని ఊరికి తెలిసింది. ఎవరు వచ్చారో మాత్రమే కాదు, ఎవరు రాలేదో కూడా తెలిసే చోటు అది. ఈనాడు ఒక కార్యక్రమాన్ని కోటిమంది చూశారని అంకె తెలుస్తున్నది. వారిలో రెండు వారాలుగా కనబడనివాడెవడో అడిగేవారు లేరు.

ఇంతవరకు చెప్పి ఆపితే ఈ వ్యాసం అసత్యమవుతుంది. కొన్నేళ్ళ క్రితం మా ఉన్నత పాఠశాల పూర్వవిద్యార్థుల సమావేశంలో నేను ఈ టీవీ రోజులను గురించి తన్మయత్వంతో మాట్లాడాను. ఊరంతా ఒక్క కుటుంబంలా కూర్చునేదన్నాను. సభ ముగిశాక నాతో పదవ తరగతి దాకా చదివిన మిత్రుడొకడు, ఇప్పుడు ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు, నా ప్రక్కకు వచ్చాడు. అతనిది ఊరి చివరి పల్లె, అంటే దళితవాడ. 'బాగా మాట్లాడావు. కాని మీ పెదనాన్న టీవీ అంటే నాకు గుర్తుకువచ్చేది కిటికీ ఊచలే. రాముడు నాకు ఎప్పుడూ ముక్కలు ముక్కలుగానే కనిపించాడు' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అతను చెప్పేదాకా ఆ కిటికీ నాకు గుర్తులేదు. నేను లోపల, తెరకు ఎదురుగా కూర్చొనేవాణ్ణి. వసారాలో ఎవరు మంచంమీద, ఎవరు నేలమీద, ఎవరు అరుగు దిగువన, ఎవరు గోడ అవతల అన్నది ఎవరూ చెప్పకుండానే నిర్ణయమై ఉండేది. మాలో ఎవరూ వారిని పొమ్మని అనలేదు. లోపలికి రమ్మని కూడా అనలేదు. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో దేవతలు బ్రహ్మను ఒక వినోదవస్తువు కోరతారు. అది కంటికి కనిపించాలి, చెవికి వినిపించాలి; వేదానికి దూరంగా ఉంచబడినవారితో సహా అన్ని వర్ణాలవారికీ అది చెందాలి. దానినే పంచమవేదమన్నారు. ఆ అధ్యాయాన్ని నేను ఎన్నోసార్లు పాఠం చెప్పాను. మా ఇంటి కిటికీ ఒక్కసారీ జ్ఞాపకం రాలేదు.

గతంమీది మమకారం లోపల కూర్చున్నవారికే ఎక్కువగా ఉంటుంది. ఊచల వెనుక నిలబడినవారు ఆ కాలం తిరిగి రావాలని ఎందుకు కోరుకొంటారు?

మరొక విధంగా జరగడానికి అవకాశం లేకపోలేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశంలో 'సైట్' అనే ఉపగ్రహ బోధన ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు నేరుగా కార్యక్రమాలు ప్రసారం చేశారు. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు వాటిలో ముఖ్యాంశాలు. ఆ గ్రామాలకు ఇచ్చిన టీవీలు హైదరాబాదులోని ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. కోళ్ళగూటికి వాడే జాలీవంటి తీగవలతో చేసిన పది అడుగుల గిన్నె ఏంటెనా వాటికి తోడు. ఆ పెట్టె ఏ ఒక్కరి ఇంటిదీ కాదు, గ్రామానిది. అక్కడి తారతమ్యాలన్నీ దానివల్ల తొలగిపోయాయని నేననను. బడి ఆవరణలో పెట్టిన పెట్టె ముందుకు వచ్చేవాడు ఒకరి గడప ముందు నిలబడిన అతిథి కాడు, హక్కు ఉన్నవాడు. ఆ ఆలోచన ఒక్క సంవత్సరంతో ముగిసింది. మనకు ఆ తరువాత వచ్చిన టీవీ, మిరప డబ్బుతో ఒకరు కొనుక్కొన్నది.

ధరలు తగ్గి పల్లెలో ఇంటింటికీ టీవీ వచ్చాక ఆ కిటికీ అవసరం తీరింది. 2006లో తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా రంగుల టీవీలు పంచడం మొదలుపెట్టినప్పుడు ఇక్కడ చాలామంది పరిహసించారు. నేనూ పరిహసించాను, నా మిత్రుడి మాట విన్న తరువాత మానుకొన్నాను. తన ఇంట్లో, తన మంచంమీద కూర్చొని పూర్తి తెరను చూడగలగడం చిన్న విషయం కాదు. ఊరి కూడిక పోయినందుకు ఇది తగిన ప్రతిఫలమా అని ఎవరైనా అడిగితే, అవుననే నేను చెబుతాను. ఆ కూడికను తిరిగి తెస్తే కిటికీ కూడా తిరిగి వస్తుంది.

ఇంటింటి టీవీ తరువాత గదికొక టీవీ, మనిషికొక తెర వచ్చాయి. 1995లో జెమిని, ఈటీవీ మొదలై తెలుగు కార్యక్రమాలకు కొదవ లేకుండా పోయింది. చేతిలోకి రిమోటు వచ్చింది. ఇంట్లో తగవులు కూడా వచ్చాయి. తగవు పడడానికైనా ఒక గదిలో ఉండాలి గదా అని ఇప్పుడనిపిస్తుంది. పలుచని తెరలు వచ్చి బరువు పోయింది. 2020 మార్చి 28న, కరోనా కాలంలో, దూరదర్శన్ అదే రామాయణాన్ని మళ్ళీ ప్రసారం చేసింది. కోట్లమంది చూశారు. తలుపులు మూసుకొని, ఎవరి ఇంట్లో వారు. నేను కూడా చూశాను. నాయనమ్మ సరిదిద్దిన చోట్లు వచ్చినప్పుడు ఒకటి రెండుసార్లు పైకే 'తప్పు, అట్లా కాదు' అన్నాను. గదిలో ఇంకెవరూ లేరు.

కనుక నేను మళ్ళీ ఆ పెట్టెను కోరడం లేదు. దానివల్ల ఈనాడు కలిగే కీడు కూడా తక్కువేమీ కాదు. పాతసామాన్లు కొనేవారు రాగి తీగచుట్టను ఊడదీసుకొని గాజుబుడ్డిని చెరువుగట్టున పారవేసిపోవడం నేను చూశాను. ఒక్కొక్క పెద్దబుడ్డిలో సీసం కిలోకు తక్కువ ఉండదు. పగిలిన గాజునుంచి అది నేలలోకి, నీళ్ళలోకి దిగుతుంది. ఇటువంటి వ్యర్థాలను వేరుగా సేకరించి శుద్ధిచేయాలన్న నియమాలు 2012 మే నుంచి అమలులో ఉన్నాయి. వాటి సంగతి తెలిసినవారు మా ఊళ్ళో ఎందరు ఉన్నారో వేళ్ళమీద లెక్కించవచ్చు. ఇష్టంగా దాచుకొన్నదానిని అశ్రద్ధగా పారవేయడం మనకు అలవాటయింది.

పెదనాన్న టీవీ చాలాకాలం మిరప టిక్కీలు వేసే కొట్టుగదిలో, బోరేల నడుమ ఉండిపోయింది. మొన్నటి సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు దానిని ఏమి చేయాలో నాకు తోచలేదు. నా మిత్రుడు తన పాఠశాల ప్రయోగశాలకు ఇవ్వమని అడిగాడు. పిల్లలకు ఎలక్ట్రాన్ గన్ చూపించవచ్చునన్నాడు. పండుగ మరునాడు ఆటోతో వచ్చాడు. చెప్పులు విడిచి వసారాలోకి వచ్చి, ఆ కిటికీని ఒకసారి చూసి, కొట్టుగదిలోకి నడిచాడు. దుమ్ము దులిపాం. గాజు మీద మిరపపొడి ఉందేమో, ఇద్దరికీ తుమ్ములు వచ్చాయి. నేను ముందువైపు పట్టుకోబోతే వారించాడు. 'బరువంతా తెరవైపే ఉంటుంది. అటు నేను పడతాను, నువ్వు వెనుకకు రా' అన్నాడు.